"స్లోగా ఉంది" అన్నారు సరే, ఎక్కడ?

నిదానంగా నడిచే క్రైమ్ సీరియల్ ఒక ఎపిసోడ్ చూపించి, లైట్లు వేసి "ఎట్లుంది?" అని అడిగితే తిరుపతిలో వచ్చే జవాబు దాదాపు ఒకటే. "బాగుండాది గానీ, స్లో అన్నా." ఈ మాట పట్టుకుని ఏమీ తేల్చలేం. ఒళ్ళు వెచ్చగా ఉంది అన్నట్టే ఇదీ. ఎందుకు వెచ్చబడిందో వేరే చూసుకోవాలి. ఒకే సిరీస్‌ని వారానికొక ఎపిసోడ్ చొప్పున ఎనిమిది ఆదివారాలు చూపించి, చూసినవాళ్ళ స్పందన రాసుకున్నాక మాకు తేలింది ఇది: ఆ 'స్లో' అనే మాట వెనక నాలుగు రకాల సంగతులుంటాయి, అందులో రెండింటికి సీరియల్ తీసినవాడితో సంబంధమే లేదు. తప్పు మనం చూపించిన తీరులో ఉంటుంది. ఆ నాలుగింటినీ విడదీయడానికి ఏం చేశామో, ఎక్కడ చెడిందో రాస్తున్నాం.

మేం తీసుకున్నది బ్రాడ్‌చర్చ్ మొదటి సిరీస్. బ్రిటన్‌లో ఐటీవీ ఛానల్లో 2013 మార్చి 4 నుంచి ఏప్రిల్ 22 దాకా సోమవారం సోమవారం వచ్చింది. సముద్రపు ఒడ్డున చిన్న ఊరు. డానీ అనే పదకొండేళ్ళ పిల్లవాడు ఇసుకలో శవమై దొరుకుతాడు. ఎనిమిది వారాలూ ఆ ఒక్క కేసే. ఇదే ఎందుకంటే, ఆ ఊళ్ళో అందరికీ అందరూ తెలుసు. పేపరు కొట్టాయన, చర్చి ఫాదరు, పోలీసమ్మ, ప్లంబరు, ఎవరింట్లో ఏం జరిగినా సాయంత్రానికి వీధంతా పాకుతుంది. పల్లె నుంచి వచ్చి తిరుపతిలో స్థిరపడినవాళ్ళకి ఆ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంకో కారణం, వారం వారం ఆగి చూసేలా రాసిన సిరీస్ ఇది. ఎనిమిదీ ఒక రాత్రిలో చూసేస్తే అనుమానం ఊరడానికి వ్యవధే ఉండదు, అప్పుడు మనకి దొరికే స్పందన చివరి ఎపిసోడ్‌ది మాత్రమే. ఇక్కడ మొదటి ఎపిసోడ్ కథ వరకే బయటపెడతాం. హంతకుడి పేరు ఈ రాతలో ఎక్కడా రాదు.

రోజు ఎంచుకునేటప్పుడు శనివారం జోలికి పోవద్దు. తిరుపతిలో శనివారమంటే ఒక్కపొద్దు ఉన్నవాళ్ళు, కొండకి పోయినవాళ్ళు, కొండకి పోయే చుట్టాలు ఇంటికొచ్చినవాళ్ళు. స్వామికి ముఖ్యమైన పెరటాశి నెలైతే ఇక చెప్పే పనే లేదు. ఆదివారం రాత్రి ఏడింటికి పెట్టుకున్నాం. అంతకు ముందే మొదలెడితే పడమటి కిటికీ వెలుతురు తెర మీద పడుతుంది. మొదటి ఎపిసోడ్ మొదలయ్యేదే రాత్రి సీన్‌తో, కొండ అంచున నిలబడ్డ పిల్లవాడితో. అతని చేతి నుంచి రక్తం బొట్టు జారుతుంది. అది కనబడకపోతే తరవాత ముప్పావుగంట మీద నీడే పడదు, వట్టి ఊరి కబుర్లలా ఉంటుంది. ట్యూబ్‌లైటు ఆర్పి, చూసేవాళ్ళ వెనక కాకుండా టీవీ వెనక గోడకి చిన్న బల్బు ఒకటి పెట్టుకుంటే చాలు.

బాలాజీ కాలనీలో ఒక ఇంటి హాలు, 43 అంగుళాల టీవీ, పద్నాలుగు మంది. మామూలుగా మన ఇళ్ళలో పెద్దవాళ్ళకి వెనక సోఫా, పిల్లలకి ముందు చాప. మొదటి వారం అట్లాగే కూర్చున్నారు. సోఫా తెరకి పన్నెండు అడుగుల దూరం. ఆ దూరం నుంచి సబ్‌టైటిల్ చదవడానికి అరవై దాటిన కళ్ళు పడే అవస్థ పక్క నుంచి చూస్తేగానీ తెలియదు. వాళ్ళు చదవలేకపోతున్నామని చెప్పరు. "స్లో" అంటారు. రెండో వారం సోఫాని ఏడడుగులకి జరిపి, పిల్లల్ని పక్కలకి సర్దాం. సోఫాలో కూర్చున్న ఆ పెద్దవాళ్ళ నోటా మళ్ళీ ఆ మాట రాలేదు.

ఫ్యాన్ సంగతి కూడా చెప్పాలి. ఈ సిరీస్‌లో నిశ్శబ్దం చాలా ఉంటుంది. అలల చప్పుడు, గాలి, కింద సన్నగా ఓలావుర్ ఆర్నాల్డ్స్ సంగీతం. సీలింగ్ ఫ్యాన్ ఐదు మీద తిరుగుతుంటే అవన్నీ ఆ హోరులో కలిసిపోతాయి. అప్పుడు తెర మీద మిగిలేది, ఎవరో ఊరికే నిలబడి సముద్రం కేసి చూస్తున్న దృశ్యం. గంట ముందు నుంచే కిటికీలు తెరిచి గదిని చల్లబరిచి, ఎపిసోడ్ నడిచేంతసేపు ఫ్యాన్ రెండు మీద ఉంచాం. కూలరు మాత్రం పూర్తిగా ఆపాల్సిందే. ప్లేయర్ సెట్టింగుల్లో ఆడియో 5.1 (గది చుట్టూ ఆరు స్పీకర్ల లెక్క) అని ఉంటే స్టీరియోకి మార్చండి. 5.1లో మాటలు మధ్య స్పీకరుకి పోతాయి. మామూలు టీవీకి ఆ స్పీకరు ఉండదు గనక మాటలు గొణుగుడుగా, సంగీతం దంచినట్టుగా వినిపిస్తుంది. దర్యాప్తు చేసే ఇన్‌స్పెక్టర్ హార్డీ పాత్ర వేసిన డేవిడ్ టెనంట్ స్కాట్లండ్ యాసలోనే మాట్లాడతాడు, అసలే కష్టం.

టీ ముందే కాచి ఫ్లాస్కులో పోసి పెట్టాలి. చిన్న విషయంలా ఉంటుంది గానీ, మొదటి వారం మేం చేసిన పెద్ద పొరపాటు ఇదే. మధ్యలో టీ అన్నాం, ఇద్దరు ఆడవాళ్ళు వంటింట్లోకి లేచిపోయారు, వాళ్ళు వచ్చేసరికి మూడు సీన్లు అయిపోయాయి. చివర్లో వాళ్ళు "మాకు అర్థం కాలేదబ్బా" అంటే ఎపిసోడ్‌ని ఎట్లా నిందిస్తాం? మిరపకాయ బజ్జీలు మాత్రం, చూసినవాళ్ళు తమ మాట చీటీల మీద రాసి ఇచ్చాకే. బజ్జీల వాసన తగిలిందంటే చీటీ మీద రెండో మాట పడదు.

ఇక డిస్కు, సబ్‌టైటిళ్ళు. డీవీడీ ఏ దేశాల ప్లేయర్లలో ఆడాలో చెప్పే నంబరు రీజియన్. బ్రిటన్ నుంచి తెప్పించిన డీవీడీ రీజియన్ 2, మన దేశానిది రీజియన్ 5. కంప్యూటర్ డ్రైవులో పెడితే రీజియన్ మార్చమంటావా అని అడుగుతుంది. అది ఐదుసార్లే మారుతుంది, ఐదోసారి ఏది పెడితే డ్రైవు దానికే బిగుసుకుపోతుంది. కంగారులో అవుననేయకుండా, పాత డ్రైవు ఒకటి రీజియన్ 2కి కేటాయించి పక్కన పెట్టుకోవడం మేలు.

తెలుగు సబ్‌టైటిల్ మేమే రాసుకున్నాం. ఒక ఎపిసోడ్‌కి ఐదారు వందల లైన్లు, ఇద్దరికి మూడు సాయంత్రాల పని. టైముల కోసం ఇంగ్లీషు ఎస్‌ఆర్‌టీ ఫైలు (సబ్‌టైటిల్ లైన్లు, అవి తెర మీద పడాల్సిన టైములు ఉండే ఫైలు) ఒకటి ఆధారంగా పెట్టుకున్నాం. మొదటి ఐదు నిమిషాలు చక్కగా కుదిరింది, సగానికొచ్చేసరికి మాట ముందు, అక్షరం వెనక. వీఎల్‌సీ ప్లేయరులో జీ, హెచ్ మీటలు నొక్కి జరిపితే అప్పటికి సరిపోయి, మళ్ళీ పది నిమిషాలకి తప్పింది. కారణం, ఆ ఫైలు సెకనుకి 23.976 ఫ్రేముల లెక్కకి చేసింది, డిస్కు 25 ఫ్రేములది. 46 నిమిషాల ఎపిసోడ్‌లో చివరికి దాదాపు రెండు నిమిషాల తేడా వస్తుంది. ఇది జరిపితే పోయే తేడా కాదు. టైములన్నింటినీ 0.959తో గుణించాలి, సబ్‌టైటిల్ సరిచేసే ఉచిత సాఫ్ట్‌వేర్లలో ఆ సదుపాయం ఉంటుంది. ఫైలుని, తెలుగు అక్షరాలు నిలిచే యూటీఎఫ్-8 పద్ధతిలో దాచుకోండి. పాత నోట్‌ప్యాడ్‌లో ఏఎన్‌ఎస్‌ఐగా దాస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది, వెనక్కి రాదు.

తెలుగు మాటలు పొడుగు, ఒత్తులు కింద వేలాడతాయి. లైనుకి నాలుగైదు మాటలు, ఒకసారికి రెండే లైన్లు, తెర మీద కనీసం రెండు సెకన్లు అని నియమం పెట్టుకున్నాం. కుదరకపోతే మాటే కోసేశాం. ఇంకో లోపం, దొరికే ఎస్‌ఆర్‌టీల్లో మాట్లాడేవే ఉంటాయి, తెర మీద రాసి కనిపించేవి ఉండవు. ఫోనులో మెసేజీ, పేపరు హెడ్డింగు, ట్వీటు, ఇవన్నీ మనమే చేర్చుకోవాలి. దీని ఫలితం కింద వస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ తగాదా పడింది మాత్రం 'నువ్వు', 'మీరు' దగ్గర. కథలో ఆ ఊరి పోలీసమ్మ ఎల్లీ మిల్లర్ సెలవు నుంచి తిరిగొచ్చేసరికి, తనకొస్తుందనుకున్న ఇన్‌స్పెక్టర్ పోస్టులో బయటి ఊరివాడు హార్డీ కూర్చుని ఉంటాడు. ఆమె అతన్ని సార్ అంటుంది. అతను ఆమెని ఇంటిపేరుతో మిల్లర్ అని పిలుస్తాడు. ఇంగ్లీషులో ఇద్దరూ ఒకర్నొకరు అనేది ఒకే 'యూ'. తెలుగులో ఏదో ఒకటి తేల్చకుండా ఒక్క లైను కూడా రాయలేం. మొదట హార్డీ చేత 'నువ్వు' అనిపించాం, పై అధికారి కదా అని. చిన్న గుంపు ఒకదానికి ముందుగా చూపిస్తే పావుగంటలోపే అతని మీద కోపం తెచ్చుకున్నారు. "ఆడమనిషిని ఏంది వాడు నువ్వు అంటాడు?" అని ఒకరు పైకే అన్నారు. ఆ కోపం సీరియల్ తెప్పించింది కాదు, మేం తెప్పించింది. 'మీరు' అని మార్చాం, అప్పుడు మరీ మర్యాదస్తుడైపోయాడు. చివరికి, 'మిల్లర్' అని పిలుపు ఉంచి, వీలైనచోటల్లా క్రియని ఎగ్గొట్టాం. "మిల్లర్, ఇటు." "ఫోను రికార్డులు?" "మీ వాడు కాదు, కేసు." పొడిగా, కరుకుగా, కానీ తిట్టినట్టు కాకుండా వచ్చింది. బీచిలో శవాన్ని చూసి ఎల్లీ కుమిలిపోయే సీన్‌లో (డానీ ఆమె కొడుకు టామ్ స్నేహితుడు) ఈ పొడితనం పనిచేసింది. అతను దయలేనివాడా, లేక పని కోసం అట్లా ఉంటాడా అని గది రెండుగా చీలింది. ఆ చీలికే మనకి కావలసింది.

చూస్తున్నంతసేపు ఏం జరిగిందో రాసుకోవడానికి ఒక మనిషి విడిగా ఉండాలి. అతను టీవీ పక్కన, చూసేవాళ్ళకి ఎదురుగా కాకుండా ఏటవాలుగా కూర్చోవాలి. ఎదురుగా కూర్చుంటే అతన్నే చూస్తారు. ఒకరు ఏడెనిమిది మందిని మించి గమనించలేరు, మాకు ఇద్దరు కావలసి వచ్చారు. టైము గోడ గడియారంది రాయకూడదు, ప్లేయరులో తిరిగే కౌంటరుదే రాయాలి. ఎందుకంటే మధ్యలో కరెంటు పోతుంది, ఎవరికో ఫోనొస్తుంది, ఆపుతాం, అక్కడి నుంచి లెక్కలన్నీ తప్పుతాయి. కాగితం మీద పొట్టి గుర్తులు చాలు: 'ఫో' అంటే ఫోను తీశారు, 'మా' అంటే పక్కవాళ్ళతో మాట్లాడారు, 'ముం' అంటే ముందుకి వంగారు, 'న' నవ్వు, 'క' కదలిక. ఏమీ కదలని చోట ఒక గీత. ఆ గీతలే అసలు పంట. పద్నాలుగు మంది నిమిషంన్నర కదలకుండా ఉన్న చోటు ఏదో తెలిస్తే, చివర్లో వాళ్ళు ఏమన్నా ఫరవాలేదు.

ఇక్కడ మన అలవాటు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. మాట్లాడటమంటే విసుగు అని రాసుకోకండి. డెయిలీ సీరియల్ చూస్తూ తెరతో మాట్లాడే అలవాటున్న ఇళ్ళు మనవి. "వద్దమ్మా, తలుపు తీయొద్దు" అనే మనిషి కథలో మునిగి ఉన్నట్టు. పక్కమనిషితో "రేపు పాలవాడికి చెప్పాల" అంటే బయటికొచ్చేసినట్టు. అందుకే 'మా' గుర్తు పక్కన ఏం మాట్లాడారో రెండు ముక్కలు రాయాలి.

చీటీలు మూడు. మొదట్లో పావుగంటకొకటి పెట్టాం. అది పెద్ద పొరపాటు. నెమ్మదిగా బిగిసే కథని పావుగంటకోసారి ఆపితే బిగువు మళ్ళీ మొదటికొస్తుంది, స్లో అనిపించేది మనమే. తరవాత ఒకసారే ఆపాం, అదీ ఐటీవీలో యాడ్స్ కోసం ఆపిన చోటే. గంట స్లాటులో కథ ముప్పావుగంటే గనక, ప్రతి విరామానికి ముందు ఒక చిన్న కొక్కెం రాసి ఉంటుంది. తెర నల్లబడి మళ్ళీ వెలిగే చోటు చూస్తే తెలిసిపోతుంది. రెండో విరామం దగ్గర ఆపడం మాకు బాగా కుదిరింది. రెండో చీటీ ఎపిసోడ్ అయిన వెంటనే, లైటు వేయకముందే, ఎవరూ నోరు తెరవకముందే. మూడోది బుధవారం, ఫోనులో వాయిస్ మెసేజీ.

"ఎవరూ నోరు తెరవకముందే" అన్నది ఎంత ముఖ్యమో రెండో వారంలో తెలిసింది. ఆ రోజు చీటీలు పంచడం రెండు నిమిషాలు ఆలస్యమైంది. గుంపులో పోలీసు శాఖలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు, "ఇదంతా నాన్సెన్స్, ఫలానావాడే చేసుంటాడు" అన్నారు. తరవాత వచ్చిన చీటీల్లో సగానికి పైగా ఆ ఫలానావాడి పేరే. అంతకు ముందు వారం అతన్ని ఒక్కరూ తలుచుకోలేదు. ఆయన్ని మానమనలేం, ఆయన చెప్పేదాంట్లో విషయం ఉంటుంది కూడా. మాటల వరస మార్చాం. చీటీలు అయ్యాక అందరికంటే చిన్నవాళ్ళు ముందు మాట్లాడాలి, ఆయన చివర. పదో తరగతి పిల్ల ముందు మాట్లాడితే పెద్దాయన కాదంటాడు, బాధ లేదు. పెద్దాయన ముందు మాట్లాడితే ఆ పిల్ల నోరే విప్పదు.

చీటీలో "బాగుందా?" అని అడగకూడదు. ఇల్లుగలవాళ్ళు టీ ఇచ్చి, బజ్జీలు పెట్టి అడుగుతుంటే బాలేదని ఎవరంటారు? మేం అడిగినవి నాలుగే. ఇప్పుడు ఎవరి మీద అనుమానం, ఎందుకు? ఏ సీన్ నువ్వయితే తీసేస్తావు? ఏ సీన్ ఇంకొంచెం ఉంటే బాగుండేదనిపించింది? ఫోను చూసుకున్నావా, అప్పుడు తెర మీద ఏం జరుగుతోంది? ఆఖరిది చాలా మందికి నవ్వు తెప్పించింది. కానీ గమనించిన కాగితంతో దాన్ని సరిచూసుకుంటే, ఎవరు నిజంగా రాస్తారో, ఎవరు మర్యాదకి రాస్తారో తెలిసిపోతుంది.

ఇక ఆ నాలుగు రకాల స్లో. ఒకటి, ఎవరెవరో తెలియకపోవడం. ఈ ఎపిసోడ్ మొదట్లోనే డానీ నాన్న మార్క్ పొద్దున్నే వీధిలో నడుస్తూ పోతుంటే, కెమెరా అతని వెంటే తెగకుండా పోతుంది. అతను పలకరించే ప్రతి మొహమూ తరవాత కథలో పనికొచ్చేదే. మనవాళ్ళకి అవన్నీ తెల్లమొహాలే, ఒకేలా కనిపిస్తాయి. ఆ షాటు దగ్గర 'ఫో' గుర్తులు కుప్పగా పడ్డాయి. ఈ రకం స్లోని పట్టుకునే ప్రశ్న: "ఆ సీన్లో ఎవరెవరున్నారు?" పేర్లు చెప్పలేకపోతే అది వేగం సంగతి కాదు. పదకొండు పాత్రల పేర్లు, ఎవరు ఎవరికి ఏమవుతారు అన్నది ఒక కాగితం మీద రాసి ముందే ఇచ్చాం. "ఆలీ: ఎల్లీ అక్క కొడుకు, లోకల్ పేపర్ రిపోర్టరు" అన్నట్టు, వరసలతో. వరస తెలిస్తే మనవాళ్ళకి మనిషి గుర్తుంటాడు. ఆ కాగితంలో కథ గురించి ఒక్క ముక్క రాయకూడదు.

రెండోది, అక్షరాలతోనూ చప్పుడుతోనూ కుస్తీ పట్టి అలిసిపోవడం. సోఫా కథ చెప్పాం కదా, అదే.

మూడోది, కథకంటే ముందు పరిగెత్తేవాళ్ళది. క్రైమ్ సినిమాలు బాగా చూసిన కుర్రాళ్ళు. యూనివర్సిటీ పిల్లలిద్దరు మొదటి పది నిమిషాల్లోనే "మొదటి ఎపిసోడ్‌లో దొరికినవాడు కాదు, అందరికంటే మంచిగా కనిపించేవాడు" అని సూత్రం తీశారు. వీళ్ళకి నెమ్మది అంటే నిజంగానే నెమ్మది. వీళ్ళని కదిలించింది ఎపిసోడ్ చివర్లో టామ్ ఒంటరిగా కూర్చుని తన ఫోనులోవీ కంప్యూటర్లోవీ చెరిపేసే సీన్. ఒక్క మాట లేదు. కుర్రాళ్ళంతా 'ముం'. పెద్దవాళ్ళలో చాలా మంది అక్కడ కదల్లేదు, ఏం జరిగిందో కూడా పట్టలేదు. మొదటి గుంపుకి చూపించినప్పుడు మా సబ్‌టైటిల్‌లో అక్కడ ఖాళీ. "టామ్ మెసేజీలు చెరిపేస్తున్నాడు" అని ఒక్క లైను చేర్చి ఇంకో గుంపుకి చూపిస్తే పెద్దవాళ్ళలోనూ ఒకావిడ "వీడెందుకు చెరుపుతాడు?" అంది. ఇట్లా చేర్చడం న్యాయమా అని మాలో ఇప్పటికీ వాదన ఉంది. తీసినవాడు చెప్పకుండా వదిలిన దాన్ని మనం చెప్పినట్టే కదా. నా మటుకు, తెర మీద ఏముందో చెప్పడం వరకు సరే, ఎందుకో చెబితేనే తప్పు.

నాలుగోది అన్నిటికంటే లోతైనది, కాగితాల్లో పట్టుబడనిది. ఆ బరువు దగ్గర ఉండలేకపోవడం. తల్లి బెత్, స్కూల్లో కొడుకు లేడని తెలిసి కారులో బయల్దేరుతుంది, ట్రాఫిక్ ఆగిపోతుంది, బీచిలో పోలీసులున్నారని విని దిగి పరిగెత్తుతుంది. అక్కడ గీత మీద గీత, ఒక్కరూ కదల్లేదు. తరవాత పోలీసులు ఇంటికొచ్చి చెప్పే సీన్ దగ్గర మాత్రం ముగ్గురు ఫోను తీశారు, ఒకరు నీళ్ళకి లేచారు. అదే ముగ్గురు చీటీలో "ఈ సీన్ తగ్గించాలి" అని రాశారు. విసుగొచ్చిందని ఎవరైనా అనుకుంటారు. బుధవారం వాయిస్ మెసేజీల్లో వాళ్ళే ఆ సీన్ గురించి అందరికంటే ఎక్కువసేపు మాట్లాడారు. ఒకావిడ మాట: "ఆ ఇంట్లో మనుషులు లేరబ్బా. పిల్లోడు పోతే ఊరు ఊరంతా రావల్ల. వాళ్ళు నలుగురే కూర్చోనుండారు." సీన్ నిడివి కాదు ఆమెని ఇబ్బంది పెట్టింది, ఆ ఇంటి ఖాళీ. ఏడుపు పైకి వినబడకపోవడం. అది తీసినవాళ్ళు కావాలని పెట్టిన ఖాళీయే, కానీ చావింట్లో జనం లేకపోవడం మనకి ఇంకా ఘోరంగా తగులుతుంది. మూడో రోజు అడగకపోయుంటే ఇది మాకు దొరికేది కాదు.

పోలీసు పద్ధతుల దగ్గర వచ్చే గందరగోళాన్ని కూడా జనం స్లో అనే అంటారు. "ఎఫ్ఐఆర్ ఎప్పుడు రాశారు?" "పంచనామా ఏది?" అని అడిగారు. చిత్తూరు కోర్టులో ప్రాక్టీసు చేసే ప్లీడరు గారు ఒకరు మాతో ఉన్నారు, ఆయన సాయంతో ఒక పేజీ తయారుచేశాం. మన దగ్గర 2024 జులై 1 నుంచి సీఆర్‌పీసీ బదులు బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) వచ్చింది, ఎఫ్ఐఆర్ 173వ సెక్షన్, అనుమానాస్పద మృతి మీద విచారణ 194. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదన్నది, సాక్ష్యాల కొత్త చట్టమైన భారతీయ సాక్ష్య అధినియమ్ 23వ సెక్షన్. పట్టుకున్న మనిషిని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. ఇంగ్లండ్‌లో పోలీసుల అధికారాల మీద వచ్చిన 1984 చట్టం కింద, కేసు పెట్టకుండా 24 గంటలు ఉంచుకోవచ్చు. తీవ్రమైన నేరమైతే పై అధికారి అనుమతితో 36, మేజిస్ట్రేటు అనుమతితో 96 దాకా. ప్రశ్నలన్నీ రికార్డవుతాయి, పక్కన లాయరు ఉండొచ్చు. అందుకే అక్కడ విచారణ గదిలో ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే సీన్లు అంత పొడుగు. "రెండు తగిలిస్తే చెప్పేస్తాడు కదా" అని మొదటి వారం నవ్విన కుర్రాడు ఈ పేజీ చదివాక, నాలుగో వారం ఒక విచారణ సీన్ దగ్గర "గడియారం చూపించరేం?" అన్నాడు. గంటలు లెక్కపెట్టుకుంటున్నాడన్నమాట.

ఇంకో పాత్ర కూడా తికమక పెట్టింది. డానీ వాళ్ళ ఇంట్లోనే ఉంటూ టీ కాస్తూ తిరిగే పోలీసు పీట్. కాపలా కానిస్టేబులా, గూఢచారా, చుట్టమా? అక్కడ హత్య జరిగిన కుటుంబానికి ఒక లియజాన్ ఆఫీసర్ని పెడతారు. కబుర్లు అందించడం, అండగా ఉండడం అతని పని. కానీ అతను దర్యాప్తు బృందంలో మనిషే, ఇంట్లో విన్నది పైకి చెబుతాడు. మన స్టేషన్లలో ఇట్లాంటి పోస్టు లేదు గనక రెండూ ఒకే మనిషిలో ఉండడం మింగుడు పడదు. పేజీలో ఈ నాలుగు లైన్లు తప్పకుండా పెట్టండి. అయితే పేజీ మొత్తాన్ని మొదటి ఎపిసోడ్‌కి ముందు ఇవ్వకండి, రెండోదానికి ముందివ్వండి. ముందే ఇస్తే పరీక్షకి చదువుకున్నట్టు చూస్తారు.

ఎవరూ ఊహించని చోట ఒక సీన్ గదిని లేపింది. పోలీసులు పేరు బయటపెట్టకముందే ఆలీ ఆ పిల్లవాడి పేరుని ట్విటర్లో పెట్టేస్తాడు. కథలో అది చిన్న మలుపు. మా గదిలో ఆ తరవాతి ఐదు నిమిషాలు సబ్‌టైటిళ్ళు చదివినవాళ్ళు తక్కువ. ప్రతి ఒక్కరికీ ఒక వాట్సాప్ గ్రూపు గుర్తొచ్చింది. గమనించేవాళ్ళ కాగితం నిండా 'మా', 'మా', 'మా'. పైకి చూస్తే గది చెదిరినట్టుంది, నిజానికి ఎపిసోడ్ మొత్తంలో అందరూ ఒకే విషయం మాట్లాడుకున్న చోటు అదొక్కటే. అందుకే పక్కన రెండు ముక్కలు రాయాలన్నది.

బుధవారం మెసేజీకి ఒక చిట్కా. "ఎపిసోడ్ గురించి చెప్పండి" అంటే మూడు నిమిషాల ఉపన్యాసం వస్తుంది. "కళ్ళు మూసుకుంటే ఏ బొమ్మ కనిపిస్తోంది?" అని అడగండి, ముప్పై సెకన్లలో చెప్పమనండి. ఆదివారం రాత్రి చీటీల్లో హంతకుడి గురించే ఉంటుంది, బుధవారానికి అది కరిగిపోయి మొహాలు మిగులుతాయి.

అనుమానితుల చీటీలు ప్రతి వారం మడిచి, మీద వారం నంబరు వేసి, ఒక స్టీలు డబ్బాలో వేసి మూత పెట్టాం. ఇది తప్పనిసరి. చివరి వారం అందరూ "నేను ముందే చెప్పినా" అనేవాళ్ళే, డబ్బా తెరిస్తేగానీ నిజం తేలదు. పెన్సిలు ఇవ్వకండి, పెన్నే ఇవ్వండి. పెన్సిలైతే చెరిపి మళ్ళీ రాస్తారు, ఆనవాలు ఉండదు. పెన్నుతో రాసినవాళ్ళు కొట్టేసి పక్కన ఇంకో పేరు రాస్తారు. ఎనిమిదో ఆదివారం డబ్బా బోర్లించినప్పుడు సరైన పేరు రాసిన చీటీలకంటే, సరైన పేరు రాసి అడ్డంగా గీత కొట్టేసిన చీటీలే ఎక్కువ తేలాయి. ఆ గీతలు ఏయే వారాల్లో పడ్డాయో వరసగా పేర్చి, గమనించినవాళ్ళ కాగితాలతో పక్కపక్కన పెట్టుకుని, బజ్జీలు చల్లారిపోయేదాకా అక్కడే కూర్చున్నాం.